రోల్ తిరగాలి, కత్తి నిలబడాలి

షట్టర్ సగమే ఎత్తి ఉంది. తల వంచుకుని లోపలికి రండి. గొడుగు మాత్రం బయటే పెట్టేయండి, లోపల నీటిచుక్క పడితే మాకు పని చెడుతుంది. సెప్టెంబరు 15, మధ్యాహ్నం మూడు దాటింది. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో వాన ఇప్పుడే తెరిపిచ్చింది. భాద్రపదం కదా, పక్కన పళ్ల బండి మీది నుంచి మాగిన తాటిపండు వాసన గుప్పున కొడుతోంది. బెంగాలీలో తాల్ అంటే తాడి. తాల్‌బగీచా అంటే తాటితోట. మా వీధి వరకైతే ఆ తోట పేరులోనే మిగిలింది, పండు మాత్రం బండి మీద దొరుకుతుంది.

కాళ్ల దగ్గర చూసుకుని నడవండి. దుకాణం పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. గోడకి కంప్యూటరు, కిటికీ వైపు స్టిక్కర్లు కోసే ప్లాటరు, మిగిలిన చోటులో నేనూ, నా దగ్గర పనిచేసే కుర్రాడూ. బయట బోర్డు మీద ఏం రాసున్నా, దీన్ని ఈ చుట్టుపక్కల అందరూ రేడియం షాపనే అంటారు. మేడమ్ క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన రేడియానికీ నా సరుక్కీ ఏ చుట్టరికమూ లేదు. చీకట్లో మెరిసే గడియారం ముళ్లకి ఒకప్పుడు రేడియం పూసేవారు. తర్వాత లైటు పడితే మెరిసే స్టిక్కర్లు వచ్చాయి, ఆ పేరు వాటికి అంటుకుంది. ఆ తర్వాత మెరవని స్టిక్కర్లకీ అదే పేరు. నా దగ్గరున్నది వట్టి ప్లాస్టిక్కే. వెనక జిగురు, జిగురు వెనక మైనంలా నున్నగా ఉండే కాగితం.

విశ్వకర్మ పూజ 17న. ఈ ఊళ్లో ఆ పండగంటే ఏమిటో బయటి వాళ్లకి చెప్పడం కష్టం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఊరు. ఆ రోజు లేతులకీ, వెల్డింగు మెషిన్లకీ, లారీలకీ, టోటోలకీ (ఈ-రిక్షాల్ని ఇక్కడ అలాగే అంటాం), నా ప్లాటరుకీ బొట్టు పెడతారు. పూజకి ముందు ప్రతి బండివాడికీ కొత్త స్టిక్కరు కావాలి. టోటో స్టాండు వాళ్లవే నలభై బళ్లు. అద్దం మీద ఒకటి, వెనక ఒకటి, అన్నీ ఎరుపే. అది చాలదన్నట్టు మన శ్రీకాకుళం వైపు కుటుంబం ఒకటి కొత్తగా పెట్టుకుంటున్న టిఫిన్ బండి బోర్డు. ఇడ్లీ, పూరీ, దోశ అన్న మూడు మాటలు తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో.

రెండడుగుల వెడల్పు ఎర్ర స్టిక్కరు రోలు అయిపోయింది. కలకత్తా నుంచి ఇవాళ పొద్దున దిగింది ఇదిగో, ఆ మూల నిలబెట్టిన బొంగు. నాలుగడుగులది. రెండడుగులది స్టాకు లేదట.

ఒకసారి ఎత్తి చూడండి. పదిహేను కిలోలు ఉంటుంది. వెడల్పు 1220 మిల్లీమీటర్లు, పొడవు 50 మీటర్లు. మన స్టేషనులో 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది చూశారా, హుబ్బళ్లి, గోరఖ్‌పూర్ వాళ్లు దాటిపోయేదాకా ప్రపంచంలోనే పొడవైనదని చెప్పుకునేవాళ్లం. దాని మీద ఈ రోళ్లు ఇరవై ఒకటి పరిచినా ఇంకా ఇరవై రెండు మీటర్లు బోసిగా మిగులుతుంది. పొడవుతో నాకు పేచీ లేదు. వెడల్పుతోనే చిక్కు. నా ప్లాటరు నోట్లో 720 మిల్లీమీటర్ల కాగితమే పడుతుంది, అందులో 630 దాకానే కత్తి తిరుగుతుంది. నాలుగడుగుల రోలు దాని ముందు పెడితే ఇరుకు గుమ్మంలోంచి మంచం దూర్చినట్టే.

మీరూ అందరూ అడిగేదే అడుగుతారు, సగానికి కోసేస్తే పోలా అని. పోయిన ఏడు నేనూ అలాగే అనుకున్నాను. తెలిసినవాళ్ల ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి ఒక నల్ల రోలు పట్టుకెళ్లాను. ఇనప పైపులు కోసే పధ్నాలుగు అంగుళాల కట్ ఆఫ్ మెషిను. నిమిషానికి 3800 చుట్లు తిరిగే చక్రం, దాని అంచు సెకనుకి 70 మీటర్ల వేగంతో పోతుంది. రోలు బిగించాం, మీట నొక్కాం. పది సెకన్లలో రెండు ముక్కలు. నేను చప్పట్లు కొట్టానంటే నమ్మండి.

ఇంటికొచ్చి అంచు చూస్తే అది అంచు కాదు, చల్లారిన బెల్లంపాకం గడ్డ. ఈ స్టిక్కరు ప్లాస్టిక్ పేరు వినైల్, అంటే పీవీసీయే. పుట్టుకతో అది గట్టిది. దాంట్లో మెత్తబరిచే ద్రవం కలిపితే తోలులా వంగుతుందని 1926లో అమెరికాలో వాల్డో సెమన్ కనిపెట్టాడు. గట్టి పీవీసీయే 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఈ మెత్తటిది అంతదాకా కూడా ఆగదు. చక్రం రాపిడికి పొరల అంచులన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. జిగురు చక్రానికి పట్టింది, చక్రం తెచ్చిన ఇనపపొడి జిగురుకి పట్టింది. రోలు విప్పబోతే పర్రుమని చిరిగింది. ప్లాటరులో పెడితే వంకరగా నడిచి, మూడో అక్షరం దగ్గర రోలరు కిందే ముడుచుకుపోయింది. అంచుల్లో అంగుళమేసి కత్తెరతో తీసేసి మిగిలింది వాడుకున్నాను. అంచు పోతే రోలు పోయినట్టే. ఆ మాట నేర్చుకోవడానికి నాకో రోలు ఖర్చయింది.

గుమ్మంలో ఇంకొకరు తల వంచుకుని వస్తున్నారు చూడండి. ఐఐటీ కుర్రాడు, హాస్టలు పండక్కి స్టిక్కర్లు కావాలని వచ్చాడు. రోలు వైపు చూసి నవ్వాడు. "అన్నా, లేజర్ కటర్‌తో ఒక్క గీత గీస్తే సరిపోదా?" అంటాడు. తెనాలి పిల్లాడు, చురుకైనవాడే. కానీ ఇలాంటి సలహా ఎవరిచ్చినా మొహమాటం లేకుండా వద్దనాలి. పీవీసీ బరువులో సగానికి పైగా, 57 శాతం దాకా క్లోరినే. దాన్ని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, తడి తగిలితే అదే యాసిడ్. గొంతు మండుతుంది, లేజరు అద్దాలూ పట్టాలూ తుప్పెక్కుతాయి. విని కుర్రాడు చెవి గోక్కున్నాడు. "కెమిస్ట్రీ చదివాం గానీ" అని ఆగిపోయాడు. ఫర్వాలేదు, కూర్చో అన్నాను. మీరూ కూర్చోండి, బాబాయ్ వస్తున్నాడు.

బాబాయ్ నాకు రక్తసంబంధం కాదు. వర్క్‌షాపులో టర్నరుగా రిటైరయ్యాడు. వాళ్ల తాతల నాటి నుంచి ఇక్కడే, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్లు పనికి మనుషుల్ని పిలిచిన రోజుల నుంచి. మూడు తరాలు గడిచినా నోట్లో శ్రీకాకుళం చెక్కుచెదరలేదు. లోపలికొస్తూనే మూలనున్న రోలుని వేలితో కొట్టి చూశాడు.

"ఏటిరా, మళ్లీ రంపం కాడికి అట్టుకెల్తావేటి?"

"లేదు బాబాయ్. నీకోసమే చూస్తన్నాను."

"పోయినసారి నువ్వేటి సేసినావు? సరుకుని కట్టేసి కత్తిని తిప్పినావు. మా లేతు మీద ఎప్పుడైనా సూసినావా? సరుకు తిరగాల. కత్తి నిలబడాల. అప్పుడే అంచు సక్కంగా వస్తాది."

ఇంతే ఆయన సిద్ధాంతం. రోళ్లు కోసే పెద్ద ఫ్యాక్టరీల్లో వాటిని బొంగుల్లా బిగించి గిర్రున తిప్పి, కత్తిని మెల్లగా దించి ముక్కలు చేసే యంత్రాలు పనిచేసేదీ ఇదే పద్ధతిలో. బాబాయ్ వాటిని చూసిన మనిషి కాదు. ఉద్యోగమంతా ఇనప కడ్డీలు తిప్పాడు, అంతే.

బల్ల మీద రెండు బేరింగులు, వాటి మధ్య జీఐ పైపు, పైపు చివర చేత్తో తిప్పే పిడి. పోయిన నష్టం తర్వాత బాబాయే చేయించాడు. పైపుకి గుడ్డ చుట్టి రోలు అట్టగొట్టంలోకి గట్టిగా దిగ్గొట్టాం. అంతకుముందు రోలుని నిలువుగా పట్టుకుని నేల మీద మెత్తగా నాలుగు దెబ్బలు కొట్టాం, ప్రయాణంలో పొరలు ఒక పక్కకి జరిగి ఉంటే సమమవుతాయని. ఇలాంటి చిన్న పనులు మానేసినవాడే తర్వాత మెషిన్ని తిడతాడు.

ఇప్పుడు గీత గీయాలి. దగ్గరికి రండి, ఇది చూడాల్సిన ముక్క. అంచు నుంచి 610 కొలిచి ఒక చుక్క పెట్టాను. స్కేలు తీసుకుని గీయబోతుంటే బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు. పాత క్యాలెండరు చింపి, నిటారైన అంచున్న పట్టీ ఒకటి తీశాడు. దాన్ని రోలు చుట్టూ తిప్పాడు. రెండో చుట్టు మొదటి చుట్టు మీద పడేటప్పుడు అంచు అంచుమీద అచ్చంగా కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊడదీసి మళ్లీ చుట్టాడు. మూడోసారికి కుదిరింది. "పైపు తిన్నగా కొయ్యాలంటే ఫిట్టరోడు సేసేది ఇదే. కాయితం అబద్దం సెప్పదు." ఆ పట్టీ వెంబడి పెన్ను తిప్పితే వచ్చిన గీత ఎక్కడ మొదలైందో అక్కడే వచ్చి కలిసింది.

ఐఐటీ కుర్రాడు ఫోను జేబులో పెట్టేశాడు.

ఈ రోలు అట్టగొట్టం నుంచి పైదాకా మందం మూడు సెంటీమీటర్ల పైమాట. దాదాపు 135 చుట్లు. ఒక్కో పొర, వినైలూ జిగురూ కాగితమూ కలిపి, పావు మిల్లీమీటరు. అంత లోతుకి ఒక్కసారే బ్లేడు దించితే ఏమవుతుందంటే, పొరలు రెండు పక్కల నుంచీ బిగుసుకుని బ్లేడుని పట్టేస్తాయి. బ్లేడు వంగుతుంది, కోత లోపలికి పోయేకొద్దీ ఏటవాలవుతుంది. సబ్బునీళ్లు రాస్తే జారుతుంది కదా అని మీకు తోచవచ్చు, నాకూ తోచింది. రాస్తే వెనకనున్న కాగితం నీళ్లు తాగి ఉబ్బుతుంది, అంచు అలలు అలలుగా లేస్తుంది. గొడుగు బయట పెట్టమన్నది అందుకే. ఈ నెలలో గాలిలో ఉండే తేమకే ఆ కాగితం కాస్త సాగుతుంటుంది.

అందుకని చెక్కముక్కలో బ్లేడు బిగించాం, బయటికి ఏడున్నర మిల్లీమీటర్లే వచ్చేలా. అంతకు మించి దిగాలన్నా దిగదు. ఏడున్నర మిల్లీమీటర్లంటే ముప్పై పొరలు. ఈ పై చుట్ల దగ్గర ముప్పై పొరలంటే పదమూడున్నర మీటర్లు. టోటోలకీ టిఫిన్ బండికీ అది చాలు.

పిడి మా షాపు కుర్రాడి చేతిలో ఉంది. "ఆస్తే, ఆస్తే" అన్నాను. వాడు మెల్లగా తిప్పుతున్నాడు. బాబాయ్ చెక్కని గీత మీద ఆనించాడు, నొక్కలేదు, ఆనించాడంతే. మొదటి చుట్టుకి చప్పుడే లేదు. రెండో చుట్టుకి పట్టుచీర మీద గోరు గీసినట్టు సన్నని సర్రు. ఎర్రని తలవెంట్రుకలాంటి పోగు ఒకటి లేచి బ్లేడు వెనక చుట్టుకుంది. నాలుగు చుట్లకోసారి బాబాయ్ "ఆగు" అంటాడు, పోగు ఊది పారేస్తాడు. బ్లేడు మొన మొద్దుబారగానే శబ్దం మారుతుంది. సర్రు పోయి కిర్రు వస్తుంది. వెంటనే కటకటమని ఒక గాటు విరిచి కొత్త మొన. గాట్ల బ్లేడు ఒకటి పూర్తిగా అయిపోయింది. పోనీయండి. రోలు ముందు దాని ఖరీదెంత?

వేలు పెట్టి కోత ముట్టుకోండి. వెచ్చగా కూడా లేదు.

నలభై నిమిషాలు పట్టింది. కట్ ఆఫ్ మెషిను పది సెకన్లలో చేసిన పని. కుర్రాడి భుజం లాగుతోందట. వాడి వంతు నేను తీసుకుని చివరి పది నిమిషాలు తిప్పాను. తర్వాత పై పొర కొస పట్టుకుని లాగితే ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి, రెండు ఎర్రటి రెండడుగుల పట్టీలు విడివిడిగా వచ్చేశాయి. అట్టగొట్టాలు రెండు సిద్ధంగా పెట్టుకున్నాం, వాటి మీద చుట్టేశాం. అట్టడుగు చుట్టు ఒకదాని మీద సగం కోత పడి ఉంది. అది చిన్న స్టిక్కర్లకి పనికొస్తుంది. దాని కింద నాలుగడుగుల రోలు చెక్కుచెదరకుండా ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ప్లాటరు ఎలా నడుస్తుందో చూడండి. కింద గరుకు రోలరు, పైన రబ్బరు చక్రాలు. ఆ రెండింటి మధ్య కాగితం ముందుకీ వెనక్కీ, కత్తి పక్కలకీ. రెండు కదలికలు కలిస్తేనే సున్నా వస్తుంది, "అ" వస్తుంది. మిల్లీమీటరుని నలభై భాగాలు చేసి లెక్కపెట్టే యంత్రమిది. కానీ పట్టీ తనకు నేరుగా అందిందనే నమ్మి నడుస్తుంది. మనం పెట్టడంలో ముప్పై సెంటీమీటర్లకి ఒక మిల్లీమీటరు వంకరుంటే, మూడు మీటర్లు పోయేసరికి సెంటీమీటరు పక్కకి జరిగి అంచు చక్రం కిందనుంచి తప్పుకుంటుంది. అందుకే కత్తి పెట్టకుండా ముందు మూడు మీటర్లు నడిపించి వెనక్కి తెస్తాను. అంచు ఎక్కడ బయల్దేరిందో అక్కడే ఆగింది. బాబాయ్ ఏమీ అనలేదు, బీడీ కోసం జేబు తడుముకుంటూ బయటికి నడిచాడు.

టోటో స్టిక్కర్లు గంటలో అయిపోయాయి. అది చెప్పుకోదగ్గ పని కాదు. టిఫిన్ బండి బోర్డు దగ్గర మాత్రం ఇంకాసేపు ఉండండి.

బెంగాలీ అక్షరాలు పైనున్న గీతకి వేలాడుతూ ఉంటాయి, దండెం మీద ఆరేసిన బట్టల్లా. అనవసరమైన ఎరుపు పీకేటప్పుడు మాట మొత్తం ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడుతుంది. హిందీ అంతే. తెలుగు అలా కాదు. మనది గుండ్రని కుటుంబం, ఎవరి కాపురం వాళ్లది. కత్తి మొన ప్రతి వంపు దగ్గరా తిరగాలి, తిరిగిన చోటల్లా మూల లేచిపోయే ప్రమాదం. "పూరీ"లో "ప" మీద తలకట్టు చూడండి. ఒంటికి అంటుకోదు, గాలిలో విడిగా ఉంటుంది. చెత్త ఎరుపు చర్రున లాగితే ముందు ఎగిరిపోయేది అదే. "ఇడ్లీ"లో డ కింద లవత్తు రెండోది. అందుకని తెలుగు పీకేటప్పుడు చెత్తని పైకి లాగను. కాగితానికి దాదాపు ఆనించి, వెనక్కి మడిచి, నత్తనడకన లాగుతాను. ఎడమచేతిలో సూది ఉంటుంది, తలకట్లని కాపలా కాయడానికి.

కంప్యూటరులో ఇంకో తంటా. కొన్ని తెలుగు ఫాంట్లలో గుడీ కొమ్మూ అక్షరం మీదికి ఎక్కి కూర్చుంటాయి. కోరెల్ సాఫ్ట్‌వేరులో రెండింటినీ వెల్డ్ చేసి ఒక్కటిగా కలపకపోతే ప్లాటరు రెండు గీతలూ కోసేస్తుంది, అక్షరం మధ్యలో చీలిక పడుతుంది. బెంగాలీ మాత్రమే తెలిసిన నా కుర్రాడు ఇవాళ తనంతట తానే "రీ" దగ్గర చీలిక కనిపెట్టి చూపించాడు. తెలుగు చదవడం రాదు వాడికి. తప్పు మాత్రం పట్టేస్తాడు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఇక్కడ మనవాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. ఆఫీసుల్లో దానివల్ల ఏం మారిందో ఆఫీసుల వాళ్లనే అడగాలి. నా దుకాణంలో తెలుగు ఎప్పుడూ టిఫిన్ బళ్ల మీదే వచ్చింది, గుళ్ల బోర్డుల మీద వచ్చింది, పెళ్లి కార్ల వెనకద్దం మీద వచ్చింది. నన్నడిగితే ఆ హోదా కూడా తక్కువదేం కాదు.

చీకటి పడింది. బండి ఆయన వచ్చాడు, వెంట భార్య. బోర్డు మీద సబ్బునీళ్లు చల్లి (ఇక్కడ నీళ్లు పనికొస్తాయి, అక్షరాన్ని కాస్త అటూఇటూ జరుపుకోవచ్చు) ట్రాన్స్‌ఫర్ టేపుతో తెలుగు మాటలు దించాను. ప్లాస్టిక్ పట్టీతో నీళ్లు బయటికి తోసి, కాసేపాగి టేపు తీశాను. ఆమె దగ్గరికొచ్చి ఒక్కో అక్షరం వేలితో తడిమింది. "తలకట్టు కూడా పడ్డాది" అంది భర్తతో. మరి నేను ఇంతసేపూ కాపలా కాసింది దాన్నే.

బయట ఎవరో టోటో ఆయన "కొబే దేబే దాదా?" అని అరుస్తున్నాడు. రేపు పొద్దున్నే అని కేకేశాను. మీరు వెళ్లేటప్పుడు గొడుగు మర్చిపోకండి. మీక్కూడా చిన్న ప్లాటరూ పెద్ద రోలూ ఉంటే, రంపం జోలికి వెళ్లకండి, ఇవాళ్టి పనికి ఎన్ని పొరలు కావాలో అన్నే కోసుకోండి. నా ఎర్ర రోలు మళ్లీ మూలకి చేరింది. దాంట్లో ఇంకా ముప్పై ఆరున్నర మీటర్లుంది, నాలుగడుగుల వెడల్పుతోనే.